రెండో ఫోను

ఒకే ఇంటికి ఐదోసారి వెళ్తున్న మెకానిక్ ముఖం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ రోజు పొద్దున ఒక్కదెబ్బ ముఖం చూడాల్సింది. పళ్ళు తోముకుంటూ అద్దంలో కనబడ్డ మనిషిని కూడా గుర్రుగా చూశాడు.

ఒక్కదెబ్బ అతని అసలు పేరు కాదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది, అది జీతం కాయితం మీద తప్ప ఎక్కడా కనబడదు. ఇళ్ళలో హీట్ పంపులు బిగించి, చెడితే బాగుచేసే కంపెనీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. చెడిన యంత్రం దగ్గరికి ఒక్కసారి వెళ్తాడు, ఒక్క దెబ్బకు బాగుచేస్తాడు, మళ్ళీ ఆ ఇంటినుంచి ఫోను రాదు. ఆ బిరుదు అలా వచ్చింది. "నాకు రెండో ఫోను రాదు" అని టీ తాగేచోట వందసార్లు చెప్పుకున్నాడు. అడిగినవాళ్ళకీ చెప్పాడు, అడగనివాళ్ళకీ చెప్పాడు.

అలాంటివాడికి వాగు పక్క వీధిలో చివరి ఇంటినుంచి రెండో ఫోను వచ్చింది. పదిరోజులు తిరక్కుండా మూడోది వచ్చింది. తర్వాత నాలుగు, ఇప్పుడు ఐదు. ఫిర్యాదు మాత్రం ఒక్కటే: ఇల్లు వెచ్చబడటం లేదు, గొట్టంలోంచి చల్లగాలి వస్తోంది. ఆఫీసులో అతని బిరుదునూ జీతం పెంచినట్టు పెంచారు. "ఐదుదెబ్బలుగారు వస్తున్నారు, కుర్చీ వెయ్యండి" అని స్టోర్సు గుమాస్తా అంటే అందరూ నవ్వారు. వాళ్ళ నవ్వుకంటే వాళ్ళు త్వరగా నవ్వు ఆపేసి పనుల్లో పడటం అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

నవ్వులాటతో పోయేదైతే ఓర్చుకునేవాడే. కంపెనీలో ఒక నియమం ఉంది. ఒకే ఇంటినుంచి ఒకే ఫిర్యాదు ఆరోసారి వస్తే ఆ మెకానిక్ ఏరియా తీసి ఇంకొకరికి ఇస్తారు, అతన్ని గోడౌన్లో పెట్టెలు విప్పే పనికి పంపిస్తారు. ఒక్కదెబ్బ ఏరియా వాగుకు ఇవతల ఉన్న ఎనిమిది వీధులు. ఏ ఇంటి వెనక ఏ కుక్క కరుస్తుందో, ఏ ఇంటి మెట్టు వదులుగా ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఆ ఎనిమిది వీధులూ ఎవరికిస్తారో కూడా సూపర్‌వైజరు ముందే చెప్పేశాడు. ఆ ఇంకొకరు ఒక్కదెబ్బకు స్వయానా బావమరిది. రెండేళ్ళ కిందట ఇతనే చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి ఉద్యోగంలో పెట్టించాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

"బావా, పోనీ నన్ను తోడు రమ్మంటావా? ఇద్దరం చూస్తే తేలిపోతుంది" అన్నాడు బావమరిది పొద్దున్నే ఫోను చేసి.

"నువ్వు పుట్టకముందు నుంచీ పానా పట్టుకున్నాను. పెట్టెయ్" అన్నాడు ఒక్కదెబ్బ. లెక్కప్రకారం అది అబద్ధం. బావమరిది పుట్టేనాటికి ఇతను స్కూల్లో ఉన్నాడు.

ఇదంతా వంటింట్లోంచి వింటున్న భార్య పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టింది. ఆమె ఇంట్లోనే స్కూలు పిల్లల యూనిఫాంలు కుడుతుంది. ఎడమచేతి చూపుడువేలికి గుడ్డకట్టు ఉంది. పోయినవారం మధ్యవేలికి ఉండేది.

"మళ్ళీ ఏమైంది వేలికి?"

"సూది దిగింది."

"ఇరవయ్యేళ్ళుగా కుడుతున్నావు. సూది ఎక్కడుంటుందో ఇప్పుడు మర్చిపోయావా?"

ఆమె పళ్ళెం అతనివైపు జరిపింది. అతను బూట్లు వేసుకుంటుంటే గుమ్మందాకా వచ్చింది. "అక్కడ ఆ పెద్దవాళ్ళమీద అరవకండి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు."

"నోటితో మెషీన్లు బాగుపడవు" అని తలుపు లాక్కుని వెళ్ళిపోయాడు.

వాగు పక్క వీధిలో చివరి ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆవిడ ఒకప్పుడు స్కూలు నడిపిన పెద్దటీచరు. ఆయన ఆమె భర్త, పోయినేడు ఊపిరితిత్తుల జబ్బు చేసి లేచిన మనిషి. డాక్టరు ఆయన్ని చల్లగాలి తగలకుండా ఉంచమన్నాడు. అందుకే ఉన్న బొగ్గుపొయ్యి తీసేయించి ఈ హీట్ పంపు పెట్టించుకున్నారు. చలికాలంలో కూడా బయటి గాలిలో కాస్తో కూస్తో వేడి ఉంటుంది, ఆ యంత్రం దాన్ని పట్టి ఇంట్లోకి తోస్తుంది. బయట గోడవారగా ఫ్యానున్న పెద్ద పెట్టె ఒకటి, లోపల గాలి వదిలే గొట్టాలు. దానికి కావలసిందల్లా ఊపిరాడేంత గాలి, శుభ్రమైన ఫిల్టరు, దాన్ని దాని మానాన వదిలేసే మనుషులు. మూడోదే ఎక్కడా దొరకదని ఒక్కదెబ్బ గట్టి నమ్మకం.

ఎప్పటిలాగే ఇల్లు అద్దంలా ఉంది. బాగుచేసే మనిషి వస్తున్నాడని కాకుండా పెళ్ళివారు వస్తున్నారన్నట్టు సర్ది ఉంది. థర్మోస్టాటు ఇరవైరెండు దగ్గర బుద్ధిగా నిలబడి ఉంది. పెద్దాయన మాత్రం ఇంట్లో కూడా మందపాటి కోటు వేసుకుని, చెవులదాకా టోపీ లాక్కుని కుర్చీలో కూర్చున్నాడు.

"ఇప్పుడెలా ఉంది?" అన్నాడు ఒక్కదెబ్బ పెట్టె కింద పెడుతూ.

"ఇప్పుడు బానే ఉంది బాబూ" అంది పెద్దటీచరు నేలచూపులు చూస్తూ. "నిన్న మధ్యాన్నం దాకా అస్సలు లేదు. సాయంత్రం నుంచి దానంతటదే దారికొచ్చింది."

"నేను వస్తానంటే దారికొస్తుంది! నేను పోతే చెడిపోతుంది! నన్ను చూసి భయపడుతోందా ఏంటమ్మా మీ మెషీను?"

పెద్దాయన దగ్గాడు.

ఒక్కదెబ్బ పెరట్లోకి వెళ్ళాడు. బయటి యూనిట్ చుట్టూ చీపురుతో ఊడ్చి ఉంది, ఆకు ముక్క లేదు. మూత విప్పాడు. గేజీలు తగిలించాడు. గ్యాసు ఒత్తిడి ఎంత ఉండాలో అంతే ఉంది. ఫ్యాను హాయిగా తిరుగుతోంది. లోపలికొచ్చి గొట్టం ముందు థర్మామీటరు పెడితే ముప్పై ఎనిమిది చూపించింది. ఇంతకంటే మంచి యంత్రం ఆ ఎనిమిది వీధుల్లో లేదు. దాని జ్ఞాపకంలో మాత్రం రోజూ అదే కోడు రాసిపెట్టి ఉంది: బయటి కాయిల్ మీద మంచు గడ్డకట్టింది. మళ్ళీ గడ్డకట్టింది. మళ్ళీ గడ్డకట్టింది. గడ్డ కరిగించుకోవడానికి యంత్రం ఇంట్లో వేడిని బయటికి మళ్ళించిన ప్రతిసారీ ఇంట్లోకి చల్లగాలే వస్తుంది. అది తెలిసిందే. గడ్డ ఎందుకు కడుతోందన్నదే తెలియడం లేదు.

రెండోసారి వచ్చినప్పుడు సెన్సరు మార్చాడు. మూడోసారి వేడినీ చలినీ అటూ ఇటూ తిప్పే వాల్వు మార్చాడు, దానికి రోజంతా పట్టింది, నడుం పట్టేసింది. నాలుగోసారి దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డే మార్చేశాడు. ఇక మార్చడానికి మిగిలింది ఇల్లు, ఇంట్లోవాళ్ళు. అతని చూపు వాళ్ళమీదే నిలిచింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కదా!

"మీరేదో కెలుకుతున్నారు" అన్నాడు హాల్లోకి వచ్చి. "చలేస్తే ముప్పైకి పెంచడం, వేడెక్కితే ఆపేయడం, మళ్ళీ పెంచడం. ఇది పొయ్యి కాదు, కట్టెలు ఎగదొయ్యడానికి. ఒకచోట పెట్టి చేతులు కట్టుకు కూర్చోవాలి. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మేం దాని జోలికే పోలేదు బాబూ."

"మరి గాల్లోంచి వచ్చి గడ్డకట్టిందా?"

నిజానికి గడ్డ గాల్లోంచే, అందులోని తేమలోంచే కడుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు, నోరు జారాక గుర్తొచ్చింది. దాంతో ఇంకా కోపం వచ్చింది. నలభై ఏళ్ళు పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టిన ఆవిడ ఇప్పుడు చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. అతను అది చూసి కూడా చూడనట్టే మూత బిగించి, సామాను సర్దుకుని, వ్యానెక్కాడు.

వ్యాను వాగు వంతెన దాటాక కరెంటు కొలిచే మీటరు గుర్తొచ్చింది. పెట్టెలో లేదు, సీటు కింద లేదు. బయటి యూనిట్ నెత్తిమీదే పెట్టి మర్చిపోయాడు. తనను తాను నాలుగు తిట్టుకుని వ్యాను వెనక్కి తిప్పాడు. మళ్ళీ వీధి గుమ్మం కొట్టి ఆ ఇద్దరి ముఖాలూ చూసే ఓపిక లేదు. పక్క సందులోంచి పెరటి గేటు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

పెరట్లో పెద్దటీచరు ఒక తలుపు మోస్తోంది.

ఆ ఇంటి పాత వంటింటి తలుపేమో, నిలువెత్తు చెక్క తలుపు, గొళ్ళెం ఇంకా వేలాడుతోంది. ఆవిడ ఒక చివర ఎత్తి, రెండో చివర నేలమీద ఈడుస్తూ అడుగు అడుగునా ఆగుతోంది. పెద్దాయన కోటు టోపీలతో బయటికొచ్చి, దగ్గుతూనే రెండో చివర ఎత్తబోతున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని బయటి యూనిట్ ఫ్యాను ఎదురుగా, జానెడు దూరంలో, పైఅంచు ఇంటి గోడకు ఆనించి నిలబెట్టారు. నిలబెట్టాక ఆవిడ చేతులు దులుపుకుని వెనక్కి తిరిగింది.

ఒక్కదెబ్బను చూసి బిగుసుకుపోయింది. జామకాయ దొంగతనం చేస్తూ దొరికిన పిల్లకు కూడా ముఖం అంత పాలిపోదు.

"ఏంటిది?" అన్నాడు ఒక్కదెబ్బ. "ఏంటమ్మా ఇది?"

"తలుపు బాబూ."

"తలుపని కనబడుతోంది! ఇక్కడెందుకుంది? ఫ్యాను వదిలిన చల్లగాలి ఆ తలుపుకి తగిలి మళ్ళీ దాని నోట్లోకే పోతోంది. అది తన ఎంగిలి గాలే తను పీల్చి పీల్చి గడ్డకట్టి చస్తోంది! నేను సెన్సర్లు మార్చాను, వాల్వు మార్చాను, నా నడుం విరిగింది, ఆఫీసులో పరువు పోయింది. ఐదుసార్లు వచ్చాను. ఐదుసార్లూ ఈ తలుపు ఎక్కడుంది?"

"షెడ్డులో" అంది ఆవిడ చిన్నగా. "మీరొస్తారనగా ముందురోజు తీసి పెడతాం."

"ఎందుకు?"

ఆవిడ పక్కింటివైపు చూసింది. గోడ అవతల, ఫ్యానుకు సరిగ్గా ఎదురుగా, పక్కవాళ్ళ వంటింటి కిటికీ ఉంది. సంగతి అప్పుడు ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. ఒక్కదెబ్బ మొదటిసారి వచ్చి కాయిల్ శుభ్రం చేసి వెళ్ళాక ఫ్యాను కొత్తదానిలా జోరుగా తిరిగింది. ఆ గాలంతా పోయి పక్కింటి కిటికీకి కొట్టింది. పక్కింటావిడ గోడెక్కినంత పనిచేసి, చంటిపిల్ల ఉన్న ఇంట్లోకి చలి తోలుతున్నారా, అడ్డం పెడతారా లేదా అని నిలదీసింది. వీళ్ళు షెడ్డులో ఉన్న తలుపు తెచ్చి అడ్డం పెట్టారు. గాలి పక్కలనుంచి పోతుందిలే అనుకున్నారు.

"మరి ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా! నోరు లేదా?"

"చెబుదామనే అనుకున్నాం" అంది పెద్దటీచరు. ధైర్యం తెచ్చుకుంది. "మొదటిసారి మీరొచ్చినప్పుడు పెట్టె వెనక నా బట్టల బుట్ట ఆనించి ఉంది. మీకు గుర్తుందో లేదో. ఇది మెషీనా, చెత్త వేసుకునే మూలా అన్నారు. మీలాంటివాళ్ళని ఇంత మెషీను ఎవరు పెట్టుకోమన్నారు, బొగ్గుపొయ్యే గతి అన్నారు. ఇంకోసారి దీని చుట్టూ పుల్ల కనబడితే నేను రానే రానన్నారు. ఈయనకా, ఆ చల్లగాలి పడదు. మీరు రాకపోతే మా గతేంటి బాబూ? అందుకని పుల్ల కూడా కనబడకుండా తీసేసేవాళ్ళం."

పెద్దాయన తలుపు గొళ్ళెం పట్టుకుని నిలబడే ఉన్నాడు. "ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది మా పని" అన్నాడు. "అటు ఆవిడ అరుస్తుంది, ఇటు మీరు అరుస్తారు."

ఒక్కదెబ్బకు బుట్ట గుర్తులేదు. తాను అన్న మాటలు మాత్రం గుర్తుపట్టాడు. అవి తన మాటలే, ఏ ఇంట్లోనైనా అనే మాటలే. వ్యాను దగ్గరికి వెళ్ళి గాలిని పైకి మళ్ళించే రేకుమూత ఒకటి తెచ్చాడు. ఎప్పుడూ రెండు మూడు వ్యానులో పడి ఉంటాయి. దాన్ని ఫ్యాను ముందు నాలుగు మరలతో బిగించాడు. గాలి పక్కింటి కిటికీకి కాకుండా నిటారుగా ఆకాశానికి పోవడం మొదలుపెట్టింది. పావుగంట కూడా పట్టలేదు. ఈ పావుగంట పని మొదటిరోజే చేసి ఉంటే నాలుగు ప్రయాణాలు, మూడు కొత్త సామాన్లు, ఒక ముసలాయన రెండునెలల దగ్గు మిగిలేవి. లెక్క అతనికి అక్కర్లేకుండానే తలలో తిరిగింది.

తలుపు తానే మోసుకెళ్ళి షెడ్డులో పెట్టాడు. దాని బరువు చూసి, వీళ్ళిద్దరూ దీన్ని ఎన్నిసార్లు అటూ ఇటూ మోశారో అనుకున్నాడు.

సూపర్‌వైజరుకు ఫోను చేసి దొరికిందని చెబితే అవతల ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇంకేం! ఫారంలో లోపానికి కారణం అన్నచోట 'వినియోగదారు తప్పు, అడ్డు పెట్టారు' అని రాసి సంతకం పెట్టించుకో. అలా రాస్తే నీ ఐదూ కొట్టేస్తారు, మళ్ళీ సున్నా నుంచి లెక్క. లేదంటే సోమవారం మీటింగులో నేనేం చెయ్యలేను. ఆరోది రాకముందే, ఈ ఐదింటికే నిన్ను తీసేద్దామని అక్కడ పళ్ళు నూరుతున్నారు."

ఒక్కదెబ్బ ఫారం తీసి పెద్దటీచరు ముందు బల్లమీద పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "కారణం ఖాళీగా ఉందే?"

"రాస్తాను."

"మా తప్పని రాసుకోండి బాబూ, నిజమేగా" అని, ఖాళీ కాయితం కిందే గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి ఇచ్చేసింది. ఏం రాస్తాడోనని కూడా చూడలేదు. ఆవిడ అలా పెట్టివ్వడం అతనికి తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది.

అప్పటికి పన్నెండున్నరైంది. తరవాతి ఇల్లు రెండింటికి. ఒక్కదెబ్బ పనిరోజుల్లో మధ్యాహ్నం ఇంటికి వెళ్ళడు. ఆ రోజు ఫారం పక్కసీట్లో పడేసుకుని, దాన్ని చూస్తూ ఎక్కడా తినబుద్ధికాక, ఇంటికే పోనిచ్చాడు. పెన్ను జేబులోనే ఉంది. వినియోగదారు తప్పు. రెండు మాటలు. అందులో అబద్ధం కూడా లేదు కదా అని దారి పొడుగునా తనకు తానే నచ్చచెప్పుకున్నాడు.

హాలు వెచ్చగా ఉంది. భార్య కనబడలేదు. వెనకగదిలోంచి కుట్టుమిషను చప్పుడు వినబడి, చప్పుడు కాకుండా వెళ్ళి ఒకసారి చూద్దామనుకున్నాడు. ఆ గదిలోకి అతను వెళ్ళి ఎన్నాళ్ళయిందో. నీలం గుడ్డ తానులు, కత్తిరింపు ముక్కలు, కాలుపెడితే గుండుసూది గుచ్చుకుంటుంది. బరువైన మిషనుబల్ల నేలకు బిగించి ఉంటుంది కాబట్టి ఆమె పనంతా అక్కడే.

తలుపు తోస్తే ముఖాన చలి కొట్టింది.

భార్య అతని పాత కోటు వేసుకుని, దానిమీద శాలువా చుట్టుకుని మిషను ముందు కూర్చుంది. చేతులకు ఊలు గ్లవుసులు, వేళ్ళ చివరలు కత్తిరించేసి ఉన్నాయి. కుట్టు ఆపి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని, కాసేపు అలాగే ఉండి, మళ్ళీ గుడ్డ అందుకుంది. అప్పుడు అతన్ని చూసింది. ఉలిక్కిపడి ముందు గ్లవుసులు తీసేసి ఒళ్ళో దాచుకుంది.

అలా దాచెయ్యడం అతను పొద్దున విన్నదే. అతను వస్తాడనగా తలుపు షెడ్డులో పెట్టినట్టే.

"ఈ గదిలో మెషీను పనిచెయ్యట్లేదా?" అన్నాడు.

"చేస్తుంది. చల్లగా చేస్తుంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"చలి మొదలైనప్పట్నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?" అరుపులాగే వచ్చింది ఆ మాట. వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించింది.

ఆమె అతనివైపు తిన్నగా చూసింది. "చెప్పానండీ. ఒకసారి చెప్పాను. ఇంట్లో మెషీను నా చేత్తో పెట్టింది, దానికి రోగం రాదు, నీకు వాడటం చేతకాదన్నారు. పోనీ నేనే మూత తీసి చూద్దామంటే, ముట్టుకుంటే విరుగుతుంది, జోలికెళ్ళకు అన్నారు. ఇంక రెండోసారి ఏం చెప్పను?"

అతను కుర్చీ లాక్కుని ఎక్కి, గోడమీది యూనిట్ మూత తీశాడు. ఫిల్టరు బయటికి లాగితే దుప్పటి ముక్కలా ఊడి వచ్చింది. నీలం నూగు, దారపు పోగులు, రెండు చలికాలాల యూనిఫాంల దుమ్ము, వేలు మందాన పేరుకుని ఉంది. గాలి దూరడానికి సూదిమొనంత సందు లేదు. నెలకోసారి ఫిల్టరు కడగండని ఎనిమిది వీధుల్లో ఇంటింటికీ చెప్పి, కడగనివాళ్ళను నానామాటలూ అన్నవాడి ఇల్లు ఇది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఎవరన్నా ఎదురుగా నిలబడి అని ఉంటే బాగుండేది. ఎవరూ అనలేదు. భార్య కూడా అనలేదు.

"ఆ వేళ్ళు..." అన్నాడు కుర్చీమీదనుంచే.

"చలికి మొద్దుబారిపోతాయి. సూది దగ్గరికొచ్చినా తెలీదు."

ఫిల్టరు తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టాడు. నీలం నీళ్ళు పోతూనే ఉన్నాయి. అలా నిలబడి ఉండగా పదకొండేళ్ళుగా తను తలెత్తుకు తిరిగిన మాట గుర్తొచ్చింది. నాకు రెండో ఫోను రాదు. రాలేదు, నిజమే. బాగయింది కాబట్టే రాలేదని అనుకున్నాడు. ఈ ఇంట్లో కూడా రెండో ఫోను రాలేదు కదా. ఎనిమిది వీధుల్లో ఇంకెంతమంది కోట్లు వేసుకుని కూర్చున్నారో, అతను వస్తున్నాడంటే ఏమేం సర్దేసి దాచేస్తున్నారో! పెద్దటీచరుకు భర్త ఊపిరి అవసరం కాబట్టి భయపడుతూనే ఐదుసార్లు పిలిచింది. ఆవిడది ధైర్యం. మిగతావాళ్ళకు అంత అవసరం పడలేదేమో, అంతే.

అతనికి ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. మొదటిసారి అది ఇంకెవరిమీదా పోలేదు.

ఫిల్టరు తుడిచి బిగించాక గదిలోకి వెచ్చటి గాలి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. భార్య చేతులు పైకెత్తి ఆ గాలిలో పెట్టి నిలబడింది. అతను మిషనుబల్ల మీద గుడ్డలు పక్కకు జరిపి ఫారం పరిచాడు. లోపానికి కారణం అన్నచోట ఇలా రాశాడు: 'మొదటి రోజు మెకానిక్ కసిరాడు. అందుకని వాళ్ళు అసలు సంగతి చెప్పలేదు. యంత్రంలో లోపం లేదు.' చదువుకున్నాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి గాని మాట సరిగ్గానే ఉంది. ఫోటో తీసి సూపర్‌వైజరుకు పంపించాడు.

రెండు నిమిషాల్లో ఫోను మోగింది. "నీకేమన్నా పిచ్చా? ఇది నేను మీటింగులో పెడితే సోమవారం నుంచి గోడౌనే. రెండు ముక్కలు మార్చి పంపు."

"అదే పెట్టండి" అన్నాడు ఒక్కదెబ్బ.

భార్యకు విషయం అర్థమయింది. "అయితే మా తమ్ముడికే ఇస్తారా?"

"ఇవ్వనీ. వాడు నాలాగా అరవడు."

"వాడికి పని రాదుగా మీ అంత."

"నేర్పుతాను." ఆ మాట అనడానికి అతనికి కాస్త కష్టమే అయింది.

సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. అప్పటిదాకా ఆ ఎనిమిది వీధులూ అతనివే. వ్యానులోంచి పాత పనుల పుస్తకం తెచ్చుకున్నాడు. ఒక్కసారి వెళ్ళి, మళ్ళీ పిలుపు రాని ఇళ్ళన్నీ అందులో ఉన్నాయి. పుస్తకమంతా అవే. ఇన్నాళ్ళూ దాన్ని చూసుకుని మురిసిపోయాడు. మొదటి పేజీ మొదటి నంబరు నొక్కాడు. ఎప్పుడో ఒక చలికాలంలో అక్కడ ఎవరినో ఫిల్టరు విషయంలో బాగా కడిగేసినట్టు లీలగా గుర్తు.

"ఎవరు?" అందొక ఆడగొంతు. అతను ఎవరో చెప్పగానే ఆ గొంతు కంగారుపడింది. "మేం ఫోను చెయ్యలేదండీ! మా ఇంట్లోంచి ఫిర్యాదేం లేదు. అంతా బానే ఉంది."

"ఫిర్యాదు లేదని తెలుసమ్మా" అన్నాడు ఒక్కదెబ్బ. "అందుకే చేశాను."

అతను ఇంకేదో అనబోయి, పెదవి కొరుక్కుని ఆగాడు. మిషను దగ్గరనుంచి భార్య అతన్నే చూస్తోంది.

"అరవనంటే ఒక మాట చెప్తాను" అంది ఆ గొంతు.

"చెప్పమ్మా" అని, అతను నీలం గుడ్డముక్కల మధ్యే కింద కూర్చున్నాడు.